పద్నాలుగో నంబరు కర్ర

దయ్యాల మీద నాకు కోపమేమీ లేదు, నమ్మకం మాత్రం ఏనాడూ లేదు. నేను రైల్వే సిగ్నలింగ్ ఇంజనీర్ని. మెల్‌బోర్న్‌లో పదహారేళ్లుగా ఇదే పని. మా పనిలో ప్రతిదానికీ ఒక కారణం ఉండి తీరాలి. సిగ్నల్ దానంతటది ఎర్రబడితే "ఏమో, ఎర్రబడింది" అని ఇంటికి వెళ్లిపోవడానికి లేదు. ఎలుక వైరు కొరికిందా, పెట్టెలోకి నీళ్లు చేరాయా, ఎవడైనా స్క్రూ సరిగ్గా బిగించలేదా, తేల్చాలి. నా కింద పనిచేసేవాళ్లు కారణం అనే గడి ఖాళీగా వదిలేసి రిపోర్టు తెస్తే చదవకుండానే వెనక్కి పంపిస్తాను. ఆఫీసులో నాకు ఈ విషయంలో మంచి పేరేమీ లేదు.

ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, కింద రాసింది చదివి "ఈయనకి మొదట్నుంచీ ఇలాంటి పిచ్చి ఉందేమో" అనుకోకూడదని. నాకున్న పిచ్చి వేరు. పాత రైల్వే స్టేషన్లంటే పడి చస్తాను.

దానికి మా నాన్నే కారణం. ఆయన గుంతకల్లు అవతల ఒక చిన్న స్టేషన్లో అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్. మీటర్ గేజ్ రోజులు. స్టేషన్ వెనకే మా క్వార్టర్. ఒంటి దారి లైను కాబట్టి రెండు స్టేషన్ల మధ్య ఒక సమయంలో ఒక్క రైలే ఉండాలి. అందుకని రెండు చోట్లా రెండు ఇనుప పెట్టెలుండేవి, వాటిని కలుపుతూ ఒక తీగ. పెట్టెలోంచి టోకెన్ అనే ఇనుప బంతి ఒకటి బయటికి వచ్చిందంటే, అది తిరిగి ఏదో ఒక పెట్టెలో పడేదాకా రెండోది రాదు. ఆ బంతి చేతికందిన డ్రైవరే బండి కదిలించాలి. పక్క స్టేషన్ వాడితో మాటలన్నీ బెల్లుతోనే. ఇన్ని దెబ్బలు కొడితే బండి బయల్దేరిందని, ఇన్ని కొడితే చేరిందని.

మా నాన్న అన్నం తింటున్నా సరే, బెల్లు వినిపిస్తే ఎంగిలి చేత్తోనే పరిగెత్తేవాడు. "బెల్లు మోగిందంటే ఆ పక్క ఒక మనిషి నీకోసరం నిలబడుకోని ఉండాడని రా. ముందు జవాబియ్యి, తర్వాత ఊపిరి పీల్చుకో" అనేవాడు. ఆ జబ్బు నాకూ అంటింది. ఇప్పటికీ మా ఇంట్లో కాలింగ్ బెల్ మోగితే చేతిలో ఏముందో చూసుకోకుండా లేస్తాను. ఒకసారి నిండు కాఫీ గ్లాసు సోఫా చేతి మీద వదిలేసి వెళ్లాను. ఆ సోఫా కథ మా ఆవిడ పద్మ మేముండే పాయింట్ కుక్ పేటలో చెప్పని ఇల్లు లేదు.

ఇక అసలు సంగతి. మెల్‌బోర్న్‌కి పడమరగా నాలుగు గంటల ప్రయాణంలో ఒక చిన్న ఊరుంది. పేరు చెప్పను, ఉన్నదే మూడు వీధులు, ఎవరి గురించో ఇట్టే తెలిసిపోతుంది. చుట్టూ గోధుమ పొలాలు, ధాన్యం నిలవచేసే సిమెంటు గోపురాలు. ఒకప్పుడు ఆ ఊరికి అన్నీ రైలే తెచ్చేది. గోధుమలు, గొర్రెలు, బొచ్చు, మీగడ డబ్బాలు, ఉత్తరాలు, కొత్తగా వచ్చిన టీచరమ్మ, అన్నీ ఆ ప్లాట్‌ఫారం మీదే దిగేవి, ఎక్కేవి. తర్వాత లారీలొచ్చాయి. లైను మూసేశారు, పట్టాలు పీకేశారు, తీగల స్తంభాలు కంచెలకి పనికొచ్చాయి. స్టేషన్ బిల్డింగు ఒక్కటే మిగిలింది. ఊళ్లోవాళ్లు చందాలేసుకుని దాన్ని మ్యూజియం చేద్దామనుకున్నారు. లోపలున్న పాత యంత్రాలు తెలిసినవాళ్లెవరైనా వచ్చి చూస్తారా అని వాళ్ల వెబ్‌సైట్‌లో రెండు ముక్కలు రాశారు. అది నా కంట పడింది.

"శనివారం గూడా రైలేనా మీకు? ఇంటి ముందర గడ్డి మోకాలెత్తు పెరిగిండాది, అది కనపడదు" అంది పద్మ. నేను వినిపించుకోలేదు. మొదటిసారి ఒక్కణ్ణే వెళ్లాను.

తలుపు తీసింది మేవిస్ అనే పెద్దావిడ. ఎనభై రెండేళ్లు. సన్నగా, చురుగ్గా, రెండు చెవులకీ వినికిడి మిషన్లు. వారానికి మూడు రోజులు వచ్చి స్టేషన్ తుడిచి, దుమ్ము దులిపి వెళ్తుంది. ఆవిడ నాన్న అక్కడ స్టేషన్ మాస్టరుగా చేశాడట. మా నాన్న సంగతి చెప్పగానే ఆవిడ నన్ను చుట్టాన్ని చూసినట్టు చూసింది. టీ పెట్టి ఇచ్చింది. ఇక్కడ ఆవిడ మాటలన్నీ నేను తెలుగులో రాస్తున్నాను.

స్టేషన్ మాస్టరు గది చూసి నా ప్రాణం లేచొచ్చింది. గోడవార మనిషి ఎత్తున ఎర్ర ఇనుప పెట్టె. మా నాన్న పెట్టెకి అన్న వరస. తేడా ఒక్కటే, ఇక్కడ బంతికి బదులు ఇనుప కర్ర. మూరెడు పొడవు, బొటనవేలికంటే లావు, ఒంటి మీద కడియాల్లాంటి గుండ్రాలు, దాని మీద రెండు స్టేషన్ల పేర్లూ ఒక నంబరూ చెక్కి ఉంటాయి. పెట్టె పైన ఇత్తడి బెల్లు. ముందువైపు అవతలి స్టేషన్‌కి బెల్లు కొట్టే ఇత్తడి మీట. గదికి రెండో పక్క, ప్లాట్‌ఫారం తలుపు దగ్గర, నేలలో దించిన పెద్ద కాటా. ఇనుప పలక మీద సామాను పెట్టి, స్తంభం మీదున్న కమ్మీకి గుండు జరిపి తూచే రకం.

పెట్టె తెరిచి కర్రలు లెక్కపెట్టాను. పదమూడు ఉంది, పదిహేను ఉంది. పద్నాలుగు లేదు.

"అది దొరకదు. దాని గురించే ఈ ఊరు నన్ను డెబ్భై ఆరేళ్లుగా అడుగుతోంది" అంది మేవిస్.

ఆవిడకి ఆరేళ్లప్పటి మాట. ఒక వేసవి మధ్యాహ్నం గోధుమల బండి వచ్చింది. డ్రైవరు పద్నాలుగో నంబరు కర్ర స్టేషన్ మాస్టరు చేతికిచ్చాడు. ఇచ్చినట్టు ప్లాట్‌ఫారం మీద నలుగురు చూశారు. కానీ ఆ కర్ర పెట్టెలోకి చేరలేదు. ఒక్క కర్ర లెక్క తప్పితే రెండు పెట్టెలూ బిగుసుకుపోతాయి, ఇంకో కర్ర బయటికి రాదు. లైను ఆగిపోయింది. అలాంటప్పుడు ఒక మనిషిని కర్ర కింద లెక్కేసి, అతనెక్కిన బండినే కదలనిస్తారు. వారం రోజులు అలా నడిచిందట. ఊరంతా గాలించారు. పట్టాల పక్క గడ్డి కోసి చూశారు. వెనకున్న నీళ్ల గుంట తోడించారు.

స్టేషన్ మాస్టరు మొదట పెట్టెలో పెట్టేశానన్నాడు. విచారణకి పెద్దవాళ్లు వచ్చేసరికి మాట మార్చి, "నేనే పోగొట్టాను, ఎక్కడో తెలియదు" అన్నాడు. ఆయన్ని స్టేషన్ మాస్టరు పనిలోంచి తీసేసి వేరే ఊళ్లో పోర్టరుగా వేశారు. చనిపోయేదాకా పోర్టరే.

"కానీ ఊళ్లో అందరూ నేనే ఆడుకోవడానికి తీసుకెళ్లి పారేశానన్నారు. నేను ఎప్పుడూ ఆ గదిలోనే తిరిగేదాన్ని. అమ్మ అడిగింది. టీచరు అడిగింది. చర్చిలో పక్కన కూర్చున్నవాళ్లు అడిగారు. ఒక్క నాన్న అడగలేదు."

"మీరు తీశారా?" అని అడిగేశాను. నా నోటికి ఆ మర్యాద తెలియదు.

"అదే నాకూ తెలియదు, ప్రసాద్. ఆరేళ్ల పిల్లని అంతమంది అన్నిసార్లు అడిగితే తీసినట్టే గుర్తుకొస్తుంది. ఇప్పుడు కళ్లు మూసుకుంటే గుంట ఒడ్డున నిలబడి విసిరేసినట్టు కనపడుతుంది. అది నిజంగా జరిగిందో, వాళ్లు చెప్పీ చెప్పీ నా తలలో పెట్టారో."

వచ్చే నెల ఆవిడ కొడుకు ఉండే పెద్ద ఊళ్లో వృద్ధుల ఆశ్రమానికి మారిపోతోంది. మళ్లీ ఇక్కడికి రావడం ఉండదు. వెళ్లేలోపు ఆ ఒక్కటీ తేలితే చాలంది. తేలదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. గుంట ఏనాడో ఎండిపోయి దానిమీద టెన్నిస్ కోర్టు కట్టారు.

ఆ రోజు నేను చేసిన పరీక్షలు రాస్తాను, తర్వాత అవసరం. బెల్లు వెనక ఒక తీగచుట్ట ఉంటుంది. దానిలోకి కరెంటు వస్తేనే సుత్తి కదిలి బెల్లుని కొడుతుంది. మీటరు పెట్టి చూశాను. చుట్ట లోపల తెగిపోయి ఉంది. బ్యాటరీలు లేవు. బయటి నుంచి వచ్చే తీగ గోడ దగ్గరే కోసేసి, మొన మీద ఎవరో రంగు కూడా పూశారు. అవతలి స్టేషన్ ఉన్న చోట ఇప్పుడు గోధుమ చేను. సుత్తి బిగుసుకుపోయి ఉంటే నూనె వేశాను. అంతే నేను చేసింది.

మూడు వారాల తర్వాత మళ్లీ వెళ్లాను. ఈసారి పద్మనీ, మా అమ్మాయి మేఘననీ బలవంతంగా బయల్దేరదీశాను. మేఘనకి పదిహేడు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. దారి పొడుగునా ఇయర్‌ఫోన్లు తీయలేదు. కానీ మేవిస్‌ని చూడగానే ఇద్దరికీ స్నేహం కుదిరిపోయింది. మేవిస్ ఆ పిల్లకి పెట్టె చూపించింది, కర్ర సంగతి మొత్తం చెప్పింది. "దట్స్ సో అన్‌ఫెయిర్" అంది మేఘన, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే.

మధ్యాహ్నం మూడు దాటింది. ఎండ బాగా ఉంది, గాలి లేదు. ఎవరెక్కడ ఉన్నారో సరిగ్గా చెప్తాను. పద్మ బయట ప్లాట్‌ఫారం బెంచీ మీద మురుకుల డబ్బా, ఫ్లాస్కూ సర్దుతోంది. మేవిస్ కిటికీ దగ్గర కుర్చీలో మాకు వీపు పెట్టి కూర్చుంది. వినికిడి మిషన్లు కూతపెడుతున్నాయని తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. అవి లేకపోతే ఆవిడకి పక్కనుంచి పిలిచినా వినపడదు. మేఘన కాటా ఎక్కి నిలబడి, "డాడ్, వే మీ" అంది, తూచమని. ఫోను నా వైపు పెట్టి వీడియో తీస్తోంది.

నా చేతిలో ఒక చెక్క కర్ర ఉంది. మ్యూజియానికొచ్చే పిల్లలు పట్టుకుని చూడటానికి ఊళ్లో వడ్రంగి అసలు కర్ర కొలతలతో చేసిచ్చాడు, ఎర్ర రంగు వేసి. నేను ఎడం చేత్తో అది పట్టుకుని కుడి చేత్తో కాటా గుండు జరుపుతున్నాను. నూరు పౌండ్లు దాటింది, ఇంకొంచెం జరపాలి.

బెల్లు మోగింది.

రెండు దెబ్బలు. కొంచెం ఆగి, ఒక దెబ్బ.

స్పష్టంగా, గట్టిగా. ఇత్తడి మోత గదంతా నిండింది. నేను ఆలోచించలేదు. గది ఇటునుంచి అటు నాలుగంగల్లో దాటి, పెట్టె ముందు నిలబడి మీట నొక్కాను. ఒక్క దెబ్బ, విన్నానని. మా నాన్న ఎలా నొక్కేవాడో అలా. నొక్కిన తర్వాత, మీట మీద నా వేలు చూసుకుంటే అప్పుడు తెలిసింది నేనేం చేశానో.

వెనక్కి తిరిగాను. మేవిస్ లేచి నిలబడి ఉంది. కుర్చీ వెనక్కి పడిపోయింది. ఆవిడ నా వంక కాదు, పెట్టె వంక చూస్తోంది. చిన్నపిల్ల గొంతుతో, "డాడ్, బెల్" అంది.

పద్మ గుమ్మంలోకి వచ్చింది. "ఏమండీ, బెల్లు కొట్టినారే, రైలేమన్నా వస్తాందా?" అంది నవ్వుతూ. మా మొహాలు చూసి నవ్వు ఆపేసింది.

ఎవరికైనా ఇలాంటప్పుడు ఏం చేయాలో తోచదు. నాకు తోచింది పరీక్ష చేయడం. పెట్టె వెనక తలుపు తీసి చూద్దామని, ముందు చేతిలో కర్ర పక్కన పెట్టబోయాను. చేతిలో కర్ర లేదు.

"మేకుకి తగిలించాను కదా" అన్నాను. పెట్టె పక్కన గోడకి ఒక మేకు ఉంది, ఆ కర్ర చోటు అదే. మేకు ఖాళీగా ఉంది. నేను తగిలించానని ఒట్టేసి చెప్పేవాణ్ణి. చెయ్యి పైకెత్తినట్టు, మేకు తగిలినట్టు భుజానికి గుర్తుంది.

"నో డాడ్, యూ డిడ్ నాట్" అంది మేఘన. ఇంకా బెల్లు వంకే చూస్తోంది. "ఇట్స్ ఆన్ ద వీడియో."

నలుగురం ఆ చిన్న తెర మీదకి వంగాం. వీడియోలో నేను గుండు జరుపుతున్నాను. హఠాత్తుగా తలెత్తాను. చేతిలో కర్రని చూడకుండా కాటా స్తంభానికి ఆనించాను. గబగబా అవతలికి నడిచాను. ఆనించిన కర్ర స్తంభం మీదుగా మెల్లగా పక్కకి జారి, వెనక నీడలోకి వెళ్లిపోయింది.

ఇంకో విషయం కూడా ఆ వీడియోలో ఉండాలి, కానీ లేదు. బెల్లు. నా బూట్ల చప్పుడుంది. మేవిస్ కుర్చీ పడిన చప్పుడుంది. "డాడ్, బెల్" అన్న మాట ఉంది. బెల్లు మోత మాత్రం లేదు. నేను ఏమీ లేనిదానికి తలెత్తి, ఏమీ లేనిదానికి పరిగెత్తాను.

స్తంభం వెనక్కి వెళ్లి చూశాను. కింది యంత్రం కమ్మీలు పైకొచ్చే చోట నేలచెక్కకి నాలుగు వేళ్ల వెడల్పున కంత ఉంది. స్తంభం నీడలో, గోడకి దగ్గరగా, వంగి చూస్తే తప్ప కనపడదు. కర్ర అందులోకి దిగిపోయింది. పడిన చప్పుడు నలుగురిలో ఎవరం వినలేదు.

కారులో నా పనిముట్లున్నాయి. గునపం లాంటి బారు తెచ్చి కాటా పలక అంచు ఎత్తాను. పద్మ చీర కొంగు దోపుకుని రెండో పక్క పట్టింది. పలక ఒక పక్కకి జరిపాం. కింద మోకాలి లోతు గుంట. నిండా గోధుమ పొట్టు, దుమ్ము, ఎలుకల గూళ్లు. ఎన్నేళ్ల గోధుమ రవాణాయో, ఆ కంతలోంచి రాలి రాలి దూదిపరుపులా పేరుకుంది. ఎర్ర చెక్క కర్ర దాని మీద మెత్తగా పడుకుని ఉంది.

అది తీయడానికి చెయ్యి పెట్టాను. చెక్క కర్ర కింద, పొట్టు లోపల, చల్లగా ఇంకొకటి తగిలింది.

బయటికి లాగాను. తుప్పు పట్టింది కానీ ఇనుము గట్టిగానే ఉంది. గుడ్డతో తుడిచాను. రెండు స్టేషన్ల పేర్లు. కింద పద్నాలుగు.

నేను దాన్ని మేవిస్ చేతుల్లో పెట్టాను. ఆవిడ కాటా గుంట అంచున నేల మీదే కూలబడిపోయింది. చాలాసేపు ఆ అంకెల మీద బొటనవేలు రాస్తూ ఉంది. మేఘన పక్కన కూర్చుని ఆవిడ చెవులకి మిషన్లు పెట్టింది.

"ఆ రోజు నాన్న నన్ను తూస్తున్నాడు" అంది చివరికి. "శనివారం శనివారం నన్ను కాటా మీద నిలబెట్టి తూచేవాడు. డ్యూటీలో చేయకూడదు అలా. బండి వచ్చి ఆగింది, కర్ర నాన్న చేతిలో ఉంది, నేను ఆయన్ని వదల్లేదు, తూస్తే గానీ కుదరదని ఏడ్చాను. గుండు జరుపుతుంటే అవతలి స్టేషన్ వాళ్లు బెల్లు కొట్టారు. నాన్న పరిగెత్తాడు. ఇది నేనెవరికీ చెప్పలేదు. నాన్న కూడా విచారణలో చెప్పలేదు. నేను గదిలో ఉన్నట్టే చెప్పలేదు."

నాకు అప్పుడు అర్థమైంది. నాకు మేకుకి తగిలించినట్టు ఎలా గుర్తుందో, ఆయనకీ పెట్టెలో పెట్టినట్టు అలాగే గుర్తుంటుంది. రోజూ చేసే పని, చెయ్యి చేయకపోయినా చేసినట్టే ఉంటుంది. తర్వాత పెట్టె చూసుకుంటే కర్ర లేదు. గదిలో ఆరేళ్ల కూతురు తప్ప ఇంకెవరూ లేరు.

మేవిస్ కూడా అక్కడికే వచ్చింది. "నేనే తీశాననుకున్నాడు" అంది. "అందుకే మాట మార్చాడు. అందుకే నన్నెప్పుడూ అడగలేదు. అడిగితే నేను ఒప్పుకోవాల్సి వస్తుందని."

ఆవిడ ఏడ్చింది. పద్మ ఆవిడ భుజాల చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. నేను కిటికీ వైపు తిరిగాను. నాకు మా నాన్న గుర్తొచ్చాడు, ఎంగిలి చెయ్యి, చొక్కా మీద మజ్జిగ చుక్కలు.

తర్వాత ఆవిడ కళ్లు తుడుచుకుని, కర్ర దాని చోట పెడదామంది. నూనె రాసి ఇచ్చాను. ఆవిడే పెట్టెలోకి దించింది. మొరాయిస్తుందనుకున్నాను, గరగరమంటూ దిగి, కింద మిగతా కర్రల మీద కూర్చుంది.

"రెండు, ఆగి ఒకటి అంటే ఏంటి?" అని అప్పుడడిగాను. ఒక్కో లైనుకి ఒక్కో లెక్క ఉంటుంది, ఇక్కడి లెక్క నాకు తెలియదు.

"బండి చేరిందా అని అడగడం. స్టేషన్ వెనకున్న మా వంటింట్లోంచి రోజూ వినేదాన్ని. చేరింది, కర్ర పెట్టేశాను అంటే మూడు కొట్టాలి. ఆ రోజు నాన్న విన్నానని ఒకటి కొట్టాడు. మూడు కొట్టలేదు. కర్ర లేకుండా ఎలా కొడతాడు?"

చెప్పి, ఆవిడే మీట మీద వేలు పెట్టింది. మూడుసార్లు నొక్కింది. ఆ మీట ఎక్కడికీ పోదు, దాని తీగ గోడ దగ్గరే ఆగిపోయింది. టక్, టక్, టక్ అని ఇత్తడి మీట చప్పుడు తప్ప గదిలో ఏమీ లేదు. ఆవిడ తల పక్కకి వంచి, కొంచెంసేపు వింది. తర్వాత తల ఊపింది.

"అవతల్నుంచి ఒకటి కొట్టాడు" అంది. "విన్నానని."

మాకు ముగ్గురికీ ఏమీ వినపడలేదు.

ఆ సాయంత్రం బయల్దేరే ముందు నేను చేయగలిగిన పరీక్షలన్నీ చేశాను. చుట్ట ఇంకా తెగే ఉంది. తీగ మొన మీద రంగు చెక్కుచెదరలేదు. ధాన్యం లారీ పోతే అదురుకి మోగిందేమో అనుకుని, రోడ్డు మీద లారీ వచ్చేదాకా కూర్చున్నాను. రెండు లారీలు వెళ్లాయి, సుత్తి కదల్లేదు. నా నూనె వల్లనేమో అని సుత్తిని వేలితో లాగి వదిలాను. ఒక దెబ్బ కొట్టి ఆగింది. రెండు కొట్టి, ఆగి, ఒకటి కొట్టే దారి దానికి లేదు. ఫోనే బెల్లు మోతని వడకట్టేసిందా అని పెన్సిలుతో బెల్లు కొట్టి మేఘన చేత రికార్డు చేయించాను. బ్రహ్మాండంగా పడింది. నలుగురం భ్రమ పడ్డామా అంటే, బయటున్న పద్మకి లోపల ఏం జరుగుతోందో తెలియదు. మేవిస్‌కి ఆ సమయంలో వినికిడే లేదు.

తిరిగి వస్తుంటే మేఘన ఇయర్‌ఫోన్లు పెట్టుకోలేదు. చీకటి పడుతుండగా వెనక సీట్లోంచి, ఎప్పుడూ లేనిది, తెలుగులో అడిగింది. "నాన్నా, అది నేనైతే, నువ్వు నన్ను అడిగేవాడివా?"

నేను రోడ్డు వంకే చూస్తూ బండి నడిపాను. అడిగేవాణ్ణి. ఒకసారి కాదు, తేలేదాకా అడిగేవాణ్ణి. ఆ పిల్లకీ అది తెలుసు. నాకు సిగ్గేసింది.

తర్వాతి వారం పద్మ మమ్మల్ని మెల్‌బోర్న్‌కి అటు పక్కనున్న కేరమ్ డౌన్స్ గుడికి తీసుకెళ్లి కొబ్బరికాయ కొట్టించింది. అర్చనకి ఎవరి పేర్లు అంటే, మా ముగ్గురితో పాటు మేవిస్ పేరూ చెప్పింది. గోత్రం దగ్గర కాసేపు ఆగి, మా గోత్రమే చెప్పేసింది.

మేవిస్ ఇప్పుడు కొడుకు ఉండే ఊళ్లోనే ఉంది. నెలకోసారి ఫోన్ చేస్తుంది. గుంట ఒడ్డున నిలబడి విసిరేస్తున్నట్టు మళ్లీ కనపడలేదని చెప్పింది. కళ్లు మూసుకుంటే ఇప్పుడు నాన్న వీపు కనపడుతోందట, బెల్లు వైపు పరిగెడుతూ.

మ్యూజియం వాళ్లు పెట్టె గురించి రిపోర్టు రాసివ్వమన్నారు. రాశాను. చుట్ట, తీగ, మీట, సుత్తి, ఏది ఎలా ఉందో నాలుగు పేజీలు. చివర్లో ఆ మధ్యాహ్నం బెల్లు మోగిన సంగతి కూడా రాశాను, సమయంతో సహా. ఉన్నది ఉన్నట్టు రాయడం నా పని. దాని పక్కన కారణం అనే గడి ఉంది. ఆ గడిలో పెన్ను పెట్టి రెండు రాత్రులు కూర్చున్నాను. ఏదో ఒక మాట రాయొచ్చు, నాకంటే తెలివిగలవాళ్లు నమ్మేటట్టే రాయొచ్చు. రాయబుద్ధి కాలేదు.

ఖాళీగానే వదిలి సంతకం పెట్టాను. నా ఉద్యోగ జీవితంలో అలా పంపిన రిపోర్టు అదొక్కటే. ఇప్పటిదాకా ఎవరూ దాన్ని వెనక్కి పంపలేదు.